పన్నెండో ట్యూబు

కిందటి వారం చుక్కలమ్మ చేతిలో ఒక ట్యూబు పెట్టేసి మనం ఎవరి దారిన వాళ్లం పోయాం. పాపం ఆవిడ ఇంకా అలాగే పట్టుకుని నిలబడి ఉంది. ట్యూబు వెచ్చగా ఉంది. వెచ్చగా ఉండకూడదు. గొడవంతా అక్కడే మొదలు.

నడుమ వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. చుక్కలమ్మ ఏడేళ్లుగా ఒకే ప్రయోగశాలలో, ఒకే మైక్రోస్కోపు ముందు, స్పాంజి బయటికొచ్చిన ఒకే కుర్చీలో కూర్చుని రీసెర్చి చేస్తోంది. రేడియేషన్ తగిలితే కణం లోపలి డీఎన్‌ఏ పోగు తెగుతుంది. తెగిన ప్రతి చోటికీ కణం తన మరమ్మతు దళాన్ని పరుగెత్తిస్తుంది. ఆ దళానికి రంగు పట్టిస్తే మైక్రోస్కోపులో ఆకుపచ్చ చుక్కలా వెలుగుతుంది. ఒక చుక్క ఉందంటే అక్కడ పోగు తెగి ఉందని లెక్క. అతుకు పడితే చుక్క మాయం. అరగంట తర్వాత ఒక్కో కణంలో ఎన్ని చుక్కలు మిగిలాయో లెక్కపెట్టడమే ఆవిడ ఉద్యోగం, చదువు, ఈ మధ్య పీడకల కూడా. అందుకే ఆ పేరు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది, ఆ కార్డు ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తులేదు.

రోడ్డుకవతల పెద్దాసుపత్రి. అక్కడికి రేడియేషన్ వైద్యానికి వచ్చినవాళ్ల రక్తం ముందుగా కొంచెం తీసి, నేలమాళిగలోని మిషన్ కింద పెట్టి, చుక్కలు లెక్కపెట్టడానికి ఈ ప్రయోగశాలకి పంపుతారు. చుక్కలు గబగబా తగ్గితే ఆ మనిషి ఒళ్లు పెద్ద మోతాదుని కూడా తట్టుకుంటుందని అర్థం. మామూలుగా తగ్గితే మామూలు మోతాదు. తగ్గకుండా మొండికేస్తే మాత్రం ఆ ఒళ్లు రేడియేషన్‌కి కాలిపోతుంది; డాక్టరు మోతాదు బాగా కోసేస్తాడు, లేదా వేరే దారి చూస్తాడు.

ఇలా యాభై రెండు మంది రక్తం చూశాక చుక్కలమ్మకి ఒక విచిత్రం కనబడింది. వాళ్లలో పదకొండు మందికి చుక్కలు ఎవరికీ తగ్గనంత వేగంగా తగ్గాయి. అలాంటి మనుషులున్నారని ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ప్రయోగశాల నడిపే మేడమ్ దాని మీద వ్యాసం రాసింది, పెద్ద పత్రిక ఒకటి వేసుకుంటానంది, చుక్కలమ్మ డాక్టరేటు కూడా ఆ పదకొండు మంది భుజాల మీదే ఊరేగుతోంది.

ఇక చుక్కలమ్మకి ఒక అక్క. తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక అమ్మ కూడా తనే అయింది. బస్టాండు పక్కన జిరాక్సు కొట్టు నడుపుతుంది. గొంతులో గడ్డ అని తేలింది. అక్క రక్తం కూడా ఇక్కడికే వచ్చింది కానీ ఏ రోజు వచ్చిందో, ఏ నంబరుతో వచ్చిందో చుక్కలమ్మకి తెలియదు. తెలియకూడదు, అది రూలు. "మామూలే" అని మేడమ్ డాక్టరుకి రిపోర్టు పంపింది. సోమవారం నుంచి మామూలు మోతాదు మొదలవుతుందని అక్క చెప్పింది. ఇవాళ శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటింది.

"ఇది వెచ్చగా ఎందుకుంది బాబాయ్?" అంది చుక్కలమ్మ.

ఎదురుగా ఉన్నది పెట్టె బాబాయ్. ఆసుపత్రి నుంచి రక్తం మోసుకొచ్చేది ఆయనే. యాభై ఎనిమిదేళ్లు, ఎడమ మోకాలు అరిగిపోయింది, భుజాన నీలం రంగు ఐసు పెట్టె లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఐసులో ఉన్నంతసేపూ కణం నిద్రపోతుంది, అతుకుల పని మానేస్తుంది. ఇక్కడికొచ్చాక దాన్ని ఒంటి వేడిలో ఉంచే వెచ్చని పెట్టెలో సరిగ్గా అరగంట పెట్టి ఆపేస్తారు. అందరికీ అదే అరగంట. అది సమానంగా ఉంటేనే ఎవరిది వేగమో ఎవరిది నెమ్మదో తేలేది.

"ఎండ మండిపోతోంది కదమ్మా," అన్నాడు బాబాయ్.

"పెట్టె తియ్యి."

బాబాయ్ పెట్టె దించి మూత తీశాడు. లోపల ఐసు అంచుల దాకా ఉంది. మధ్యలో ట్యూబు నిలబెట్టే గుంట ఖాళీగా, పొడిగా ఉంది.

"ఎండ ఐసుని వదిలేసి ట్యూబుని మాత్రమే పట్టుకుందా?"

బాబాయ్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నొప్పి పుట్టినప్పుడు ఆయన మోకాలి జోలికి పోడు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయినప్పుడే రుద్దుకుంటాడు. ఏడేళ్లుగా చూస్తున్న చుక్కలమ్మకి ఆ సంగతి తెలుసు. ఇంకో రోజయితే నవ్వేది. ఇవాళ ఆవిడకి నవ్వే ఓపిక లేదు. పొద్దున్నుంచి నాలుగు వందల కణాలు లెక్కపెట్టింది, కళ్లు మూసినా పచ్చటి చుక్కలే తేలుతున్నాయి.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఉన్నది చెప్పు."

బాబాయ్ చొక్కా పై రెండు బొత్తాలు విప్పి ఎడమవైపు లోపలి భాగం బయటికి తిప్పి చూపించాడు. అక్కడ చేత్తో కుట్టిన సన్నని జేబు ఒకటి ఉంది. పాత శాలువా ముక్క అస్తరు వేసి, ట్యూబు లోతుకి సరిగ్గా కొలిచి కుట్టాడు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి కానీ గట్టిగా ఉన్నాయి.

"ఇందులో పెట్టుకొచ్చానమ్మా. గుండె పక్కనయితే భద్రంగా ఉంటుందని."

"ఐసులో తేవాలని తెలియదా నీకు?"

"తెలుసు. వద్దన్నది నువ్వే కదా?"

చుక్కలమ్మకి గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందటి మాట. అప్పట్లో పెట్టెలో గుంటలు లేవు, ట్యూబులు ఐసు గడ్డల మధ్య పడి ఉండేవి. ఒక వారం వచ్చినవన్నీ గడ్డకట్టి కణాలు పగిలిపోయాయి. మేడమ్ చుక్కలమ్మని తిట్టింది, చుక్కలమ్మ ఆ తిట్లు పట్టుకెళ్లి బాబాయ్ మీద కుమ్మరించింది. పెద్దాయన అని కూడా చూడలేదు. నలుగురూ వింటుండగా అరిచింది.

"ఏమన్నానో గుర్తులేదు," అంది. అబద్ధం. అందరికీ రుద్దుకోవడానికి మోకాలు ఉండదు.

"'ఇవి ప్రాణమున్నవి బాబాయ్, చలికి చచ్చిపోతాయి, నీ బిడ్డలయితే ఇలాగే ఐసులో పడేస్తావా' అన్నావు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నిజమే కదా అనిపించింది. మర్నాడే జేబు కుట్టుకున్నా. తర్వాత నువ్వు పెట్టెలో గుంటలు చేయించావు, పెట్టెలోనే తెమ్మన్నావు, సరే అన్నాను."

"మరి పెట్టెలోనే తేవచ్చు కదా!"

"తెస్తూనే ఉన్నానమ్మా. ఎప్పుడో ఒకటి మాత్రం..." బాబాయ్ మళ్లీ బొత్తాలు పెట్టుకున్నాడు. "రక్తం తీసేటప్పుడు నేనక్కడే కూర్చుంటా కదా. కొందరు అటు తిరిగి కళ్లు మూసుకుంటారు, అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్లది పెట్టెలోనే. కానీ కొందరు ఆగి, నా చెయ్యి పట్టుకుని, 'జాగ్రత్తగా తీసుకెళ్లు బాబూ' అంటారు. అంత మాట అన్నాక ఐసులో పడేసి ఎలా తేను తల్లీ? నావల్ల కాలేదు."

చుక్కలమ్మకి కోపం రావాలి. నేనైతే ఆ పెట్టె నేలకేసి కొట్టేవాణ్ణి. కానీ ఆ మాటలో తప్పు ఎక్కడుందో వెతకబోతే ఆవిడకి తన గొంతే వినబడింది, నాలుగేళ్ల కిందటి తన గొంతు. ఆవిడ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. తెల్లకోటు కింద తడి అంటింది, ఏసీ నీళ్లు కారుతున్న చోటు అది. లేవలేదు.

"అక్కణ్ణుంచి ఇక్కడికి నేనయితే తొమ్మిది నిమిషాల్లో వస్తాను. నీకెంత పడుతుంది?"

"నిజం చెప్పాలంటే ఇరవై అయిదు. మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కాలి."

ఇరవై అయిదు నిమిషాలు. ఒంటి వేడిలో. ఈ ప్రయోగశాలలో ఖరీదైన వెచ్చని పెట్టె ఏ వేడి ఇస్తుందో బాబాయ్ ఛాతీ కూడా అదే వేడి ఇస్తుంది. ఆయన మెట్లెక్కుతూ ఆయాసపడుతున్నంతసేపూ ఆ జేబులో కణాలు హాయిగా అతుకులు వేసుకుంటూ వచ్చాయి. తర్వాత ఇక్కడ ఇంకో అరగంట. మిగతావాళ్లకి అరగంట దొరికితే వీళ్లకి దాదాపు గంట దొరికింది. దానికి ఆవిడా మేడమూ కలిసి ఒక పేరు పెట్టారు. వేగం గుంపు. మనుషుల్లో కొత్త రకం.

చుక్కలమ్మ నవ్వింది. బాగా అలిసిపోయినవాళ్లు నవ్వే నవ్వు అది, కడుపులోంచి రాదు, ముక్కులోంచి వస్తుంది. ఆ నవ్వు చూసి బాబాయ్ భయపడ్డాడు.

"ఏమైందమ్మా? అవి చచ్చిపోయాయా?"

"లేదు బాబాయ్. భేషుగ్గా బతికాయి. అదే వచ్చిన తంటా." ఆవిడ లేచి కోటు దులుపుకుంది. "ఇవాళ్టిది కాక, జేబులో ఎన్ని తెచ్చావో గుర్తుందా?"

"గుర్తు లేకపోవడమేమిటి?"

ఆవిడ రక్తం వచ్చిన తేదీల రిజిస్టరు తెచ్చి బల్ల మీద తెరిచింది. ఎక్కువలో ఎక్కువ వారానికి రెండు రోజులు, రోజుకి ఒక్కటే ట్యూబు. రోజు తెలిస్తే నంబరు తెలిసినట్టే. బాబాయ్ బొటనవేలితో చూపుడువేలి కణుపు పట్టుకుని మొదలుపెట్టాడు.

"బస్సు డ్రైవరు ఒకాయన. మనవరాలికి పరీక్షలవుతున్నాయన్నాడు. వానలు మొదలైన వారం, మంగళవారం."

చుక్కలమ్మ ఆ తేదీ వెతికింది. నంబరు తొమ్మిది. వేగం గుంపు.

"టెలిఫోను ఆఫీసులో చేసిన పెద్దావిడ. ఆ తర్వాతి శుక్రవారమే."

పది. వేగం గుంపు.

"కవల పిల్లల తల్లి. ఇద్దర్నీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకునే చెయ్యి చాపింది."

పదిహేడు. వేగం గుంపు.

బాబాయ్ కణుపు కణుపుకీ ఒక మనిషిని దించుతున్నాడు. తాపీమేస్త్రీ. మాట్లాడని అబ్బాయి తరఫున వాళ్ల నాన్న. గొంతు పోయిన పాటల టీచరు, కాగితం మీద రాసి చూపించిందట. చుక్కలమ్మ ఏడేళ్లలో వీళ్లలో ఒక్కరి మొహం చూడలేదు. ఆవిడకి వాళ్లు నంబర్లు, నంబర్ల పక్కన సగటు చుక్కలు. ఒక్కో పేజీ తిప్పుతుంటే ఆవిడకి ఒక్కో ఏడాది చేతుల్లోంచి జారిపోతున్నట్టే ఉంది. ఏడుపు రాలేదు. ఎప్పుడెప్పుడు ఇంటికెళ్లి పడుకుందామా అనిపించింది, అంతే. ఆ అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

పదకొండో కణుపుతో పదకొండు మందీ అయిపోయారు. యాభై రెండు మందిలో వేగం గుంపు మొత్తం ఆ జేబులో కూర్చుని వచ్చినవాళ్లే. ఒక్కడు కూడా బయటివాడు లేడు.

"అంతేనా?"

బాబాయ్ బొటనవేలు చిటికెనవేలి చివరి కణుపు మీద ఆగింది. ఇంకో చేత్తో మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఇంకొకటుంది కదూ. పన్నెండు."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుందమ్మా."

"ఎవరు?"

"'అది అసలే సరిగ్గా తినదు, నేనొచ్చి వెళ్లానని తెలిస్తే ఆ పూట కూడా మానేస్తుంది, చెప్పకండి' అంది. చెయ్యి మాత్రం వదల్లేదు. 'మా చెల్లెలు లెక్కపెట్టేది ఇదే, జాగ్రత్తగా పట్టుకెళ్లండి' అంది."

చుక్కలమ్మ రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. గదిలో ఫ్రిజ్ ఒకటి గుర్రు పెడుతోంది, దాని చప్పుడు ఎక్కువైనట్టనిపించింది.

"ఏ రోజు?"

"కిందటి నెల మొదటి మంగళవారం. ఆ రోజు నాకు మెట్ల దగ్గర ఇంకా ఆలస్యమైంది కూడా. తొందరపడి జారవిడుస్తానేమోనని రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాను."

రిజిస్టరులో ఆ మంగళవారం ఉంది. నంబరు ముప్పై ఎనిమిది. చుక్కలమ్మ తన లెక్కల పుస్తకం తీసింది. ముప్పై ఎనిమిది. యాభై కణాలు. అరగంట తర్వాత కణానికి సగటున పదకొండు చుక్కలు. పక్కన ఆవిడ చేతిరాతే, నీలం ఇంకుతో: మామూలు. ఆ రోజు అక్క కణాలు తనే లెక్కపెట్టింది. టీ తాగుతూ లెక్కపెట్టింది, పేజీ అంచున కప్పు మరక కూడా ఉంది.

మీరు తొందరపడకండి, చుక్కలమ్మ కూడా తొందరపడలేదు. ఒక చిత్తుకాగితం మీద నెమ్మదిగా రాసుకుంది. మామూలు మనిషికి అరగంటలో ఇరవై చుక్కలు పదికి దిగుతాయి. అదే మామూలు మనిషి బాబాయ్ జేబులో వస్తే, దాదాపు గంట దొరికి, అయిదుకి దిగుతాయి. ఆ పదకొండు మంది సంగతి అదే. అక్క కూడా జేబులోనే వచ్చింది. అక్కకి కూడా గంట దొరికింది. అయినా పదకొండు మిగిలాయి. అందరూ అరగంటలో చేసే పనికి అక్క ఒంటికి గంట పట్టింది.

అక్క మామూలు కాదు. అందరికంటే నెమ్మది. మామూలు మోతాదు పెడితే అక్క గొంతు కాలిపోతుంది.

"బాబాయ్, నాతో రా," అంది చుక్కలమ్మ.

మేడమ్ గది కారిడారు చివర ఉంది. మేడమ్ వాచిన పాదాల్ని బోర్లించిన చెత్తబుట్ట మీద పెట్టుకుని, పత్రిక వాళ్లు పంపిన అచ్చు కాగితాలు ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. అరవైకి దగ్గర పడింది. పదవీ విరమణ లోపల ఒక్క మంచి వ్యాసం చూసుకుని పోవాలని ఆవిడ కోరిక. దాన్నెప్పుడూ దాచుకోలేదు.

"సోమవారం దాకా నన్ను కదిలించొద్దన్నాను," అంది తలెత్తకుండా.

చుక్కలమ్మ నిలబడే చెప్పింది. జేబు, మోకాలు, ఇరవై అయిదు నిమిషాలు, పదకొండు మంది, వాళ్ల మీద ఇంకొకరు. మేడమ్ పెన్ను మధ్యలోనే ఆగింది. కాసేపు బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ గుమ్మం బయటే నిలబడి, నేల మీద పలకల గీతలు లెక్కపెడుతున్నాడు.

"ఆ పన్నెండో ట్యూబు ఎవరిది?"

"ముప్పై ఎనిమిది. మా అక్కది."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగో, ఇందుకే. ఎవరి చుక్కలో తెలియకుండా లెక్కపెట్టాలని ఏడేళ్లుగా మీ అందరి ప్రాణాలు తీసింది ఇందుకే. అక్క అని తెలియగానే నీకు అంతా తలకిందులుగా కనిపిస్తోంది. భయపడి చూస్తే ఏ అంకె అయినా భయంగానే ఉంటుంది. ఇంటికెళ్లి నిద్రపో. సోమవారం మళ్లీ రక్తం తీయిద్దాం."

"సోమవారం మొదటి మోతాదు మేడమ్."

"అయితే మంగళవారం మొదలుపెట్టమందాం. అంతమాత్రాన వ్యాసం మొత్తం..."

"లెక్కపెట్టేటప్పుడు ఎవరివో నాకు తెలియదు," అంది చుక్కలమ్మ. గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. "మీరు నంబర్లు దాచారు, నర్సు పేర్లు దాచింది, నేను కళ్లకి గంతలు కట్టుకున్నట్టే లెక్కపెట్టాను. మోసుకొచ్చే ఆయన దగ్గర మాత్రం మనం ఏమీ దాచలేదు. ఆయనొక్కడికే అందరూ తెలుసు. మనకి ఆ ఆలోచనే రాలేదు. బాబాయ్‌ని మనిషి కింద లెక్కేస్తే కదా?"

మేడమ్ పాదాలు బుట్ట మీంచి దించి, చెప్పులు వెతుక్కుని, లేచి నిలబడింది. లేవడానికి బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది.

"లోపలికి రండి," అంది బాబాయ్‌తో. పదహారేళ్లలో ఆవిడ ఆయన్ని లోపలికి పిలవడం అదే మొదలు. "ఆ చొక్కా ఒకసారి చూపించండి."

బాబాయ్ బొత్తాలు విప్పాడు. మేడమ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని జేబు కుట్లు చూసింది, రెండు వేళ్లు లోపలికి పెట్టి చూసింది. వేళ్లు ఒక అర నిమిషం అక్కడే ఉంచింది.

"వెచ్చగా ఉంది," అంది.

"తప్పయిపోయిందమ్మగారూ."

"మీది కాదు." మేడమ్ వెనక్కి తిరిగి బీరువా తెరిచి, లక్క ముద్ర వేసిన కవరు చించి, పేర్ల జాబితా బయటికి తీసింది. ఆ కవరు చించిందంటే యాభై రెండు మంది లెక్కా బూడిదపాలే, ఇక ఏ పత్రికా నమ్మదు. ఆ సంగతి గదిలో ఇద్దరికి తెలుసు. వేలితో కిందికి చూసుకుంటూ వచ్చి ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. పేరు చదివి తల ఊపింది. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని, అచ్చు కాగితాల మొదటి పేజీ మీద, తన పేరు మీదుగా, చుక్కలమ్మ పేరు మీదుగా ఒక గీత గీసింది.

"ఏడేళ్లు తల్లీ," అంది. మేడమ్ నోట తల్లీ అన్న మాట రావడం చుక్కలమ్మ ఎన్నడూ వినలేదు.

"డాక్టరుకి నేను ఫోన్ చేస్తాను. నువ్వు మీ అక్కకి చెయ్యి. సోమవారం గడప దాటొద్దని చెప్పు."

మేడమ్ బల్ల మీది ఫోను ఎత్తింది. చుక్కలమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి అక్కకి చేసింది. ఆరేడు సార్లు మోగాక ఎత్తింది.

"ఏమే, ఈ వేళప్పుడు చేశావు? తిన్నావా?"

అక్క గొంతు బొంగురుగా ఉంది. గరుకు కాగితం మీద కాగితం రుద్దినట్టుంది.

"ఎక్కడున్నావక్కా?"

"కొట్లోనే. ఇంకెక్కడుంటాను?"

వెనకాల ఎవరో మైకులో ఒక నంబరు పిలిచారు. కుర్చీలు జరిగిన చప్పుడు. జిరాక్సు కొట్లో మైకు ఉండదు.

"అక్కా."

అవతల అక్క నిట్టూర్చింది. "సరే, తిట్టుకో. ఆసుపత్రిలోనే ఉన్నా. సోమవారం అన్నది అబద్ధం. కిందటి వారం మంగళవారమే మొదలుపెట్టేశారు. నీకు చెబితే పని మానేసి వచ్చి నా పక్కన కూర్చుంటావు. ఏడేళ్లు పడ్డావు, చివర్లో నా వల్ల చెడిపోవడం ఎందుకని. ఎనిమిది అయిపోయాయి. ఇవాళ తొమ్మిదోది."

కిటికీ అద్దం మీద చుక్కలమ్మ చెయ్యి ఆనించి ఉంది. అద్దం వేడిగా ఉందో చల్లగా ఉందో ఆవిడకి తెలియలేదు.

"నీ గొంతేమిటి అలా ఉంది?"

"అదా? నాలుగు రోజుల్నుంచి మంచినీళ్లు కూడా దిగడం లేదు. మెడ చర్మం కూడా నల్లబడింది. డాక్టరుకి చూపించాను. అందరికీ కొంచెం అలాగే ఉంటుందిలే అన్నాడు. నీ రిపోర్టు మామూలే కదా, భయపడక్కర్లేదు అన్నాడు." అక్క దగ్గింది, దగ్గు మధ్యలో నవ్వింది. "మా చెల్లెలు లెక్కపెట్టిన రిపోర్టు, తప్పెందుకవుతుంది అన్నాను."

"అక్కా, విను. లోపలికి వెళ్లకు. నేను చెప్పేది విను, ఆ మంచం మీద పడుకోకు..."

"పిలుస్తున్నారే, నా నంబరే. ఫోను బయటే పెట్టెయ్యాలి. సాయంత్రం మాట్లాడదాం. ఏదైనా తిను ముందు."

"అక్కా!"

ఫోను ఆగిపోయింది. చుక్కలమ్మ మళ్లీ చేసింది. మోగింది, మోగుతూనే ఉంది. ఆసుపత్రి నేలమాళిగలో ఒక బెంచీ మీద, మడిచిన సంచీ లోపల, ఎత్తేవాళ్లు లేక మోగుతూ ఉండి ఉంటుంది.

ఆవిడ వెనక్కి తిరిగింది. మేడమ్ డాక్టరు నంబరు మూడోసారి నొక్కుతోంది. గుమ్మం దగ్గర నీలం పెట్టె ఒక్కటే ఉంది, పక్కకి ఒరిగి మూత తెరుచుకుని ఉంది, ఐసు నీళ్లు నేల మీదికి కారుతున్నాయి. బాబాయ్ లేడు. మెట్ల వైపు నుంచి అడుగుల చప్పుడు వస్తోంది, ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ, ఎన్నడూ లేనంత వేగంగా. ఆ దారి ఎంతసేపు పడుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఇరవై అయిదు నిమిషాలు. చుక్కలమ్మకి తొమ్మిది. నంబరు పిలిచాక మనిషిని పడుకోబెట్టి, తలుపు మూసి, మిషన్ తిప్పడానికి ఎనిమిది.

రెండో అంతస్తు మలుపులో ఆవిడ బాబాయ్‌ని దాటేసింది. ఆయన రెయిలింగుకి ఒరిగి దారి ఇచ్చాడు.

"జాగ్రత్త తల్లీ," అన్నాడు వెనకనుంచి.